వేడినీటి గుండాల బ్యాక్టీరియాపై పని చేస్తున్నారా? కంట్రోల్ ఫ్లాస్కును వదలకండి

మైక్రోబయాలజీ చదివి రీసెర్చ్ ప్రాజెక్టులో కొత్తగా చేరారా? వేడినీటి గుండాల బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్ వెతికే పని దొరికితే సంతోషించండి. మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయి. ఇంతవరకు పెద్దగా తడమని చోట్ల వెతకక తప్పదు. యెల్లోస్టోన్ గుండాల్లో దొరికిన థర్మస్ అక్వాటికస్‌ గురించి థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ 1969లో ప్రకటించారు. దాని ఎంజైమే తర్వాత పీసీఆర్‌కు ఆధారమైంది. వేడిని ఇష్టపడే జియోబాసిల్లస్ నుంచి జియోబాసిలిన్ అనే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ కూడా దొరికింది.

కానీ ప్లేటు మీద పరీక్షా బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం (జోన్) కనబడినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. ఈ పనిలో మీ విలువ ఆ జోన్‌ను ఎంత గట్టిగా పరీక్షిస్తారన్న దాన్ని బట్టే తేలుతుంది.

శాంపిల్ దగ్గర: మణికరణ్ గుండమైనా, బక్రేశ్వర్ గుండమైనా నీటి ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడికక్కడే రాసుకోండి. సేకరణకు ఎవరి అనుమతి కావాలో బయల్దేరక ముందే గైడ్‌ను అడగండి. విదేశీ సంస్థ భాగస్వామి అయితే 2002 జీవవైవిధ్య చట్టం నిబంధనలు ముందే చూసుకోవాలి.

పెంచేటప్పుడు: 60 డిగ్రీల దగ్గర అగార్ ప్లేట్లు త్వరగా ఎండిపోతాయి. మూత ఉన్న డబ్బాలో తడి దూదితో పాటు ఉంచండి. ఇంకా ఎక్కువ వేడి కావాలంటే అగార్‌కు బదులు జెల్లాన్ గమ్ వాడండి.

జోన్ వచ్చాక: పెంచేటప్పటి వేడికి బ్రాత్‌లో నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. ఆ ఉప్పు కూడా పరీక్షా బ్యాక్టీరియాను అడ్డుకోవచ్చు. అందుకే బ్యాక్టీరియా వేయని ఫ్లాస్కును కంట్రోల్‌గా అదే వేడిలో, అన్నే గంటలు ఉంచి పోల్చండి. బ్రాత్ నుంచి వేరుచేసిన సూపర్‌నేటెంట్ పీహెచ్‌ను 7కు తెచ్చి మళ్లీ పరీక్షించండి. జోన్ పోతే అది ఆమ్లం పని కావచ్చు. క్యాటలేజ్ కలిపాక పోతే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అనుమానించండి. ప్రొటీనేజ్ కె కలిపాక పోతే పెప్టైడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఉప్పు, ఆమ్లం, పెరాక్సైడ్ కాదని తేలితే ఎల్‌సీ–ఎంఎస్‌లో తెలిసిన యాంటీబయాటిక్స్‌తో సరిచూడండి. పాత మందే మళ్లీ దొరకడం ఈ రంగంలో మామూలు.

జోన్ చూసిన రోజే గ్లిజరాల్ స్టాక్ చేసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. పదేపదే సబ్‌కల్చర్ చేస్తే కొన్ని స్ట్రెయిన్లు యాంటీబయాటిక్ తయారుచేసే గుణాన్నే కోల్పోతాయి. ఫలితం రాని ప్రయోగాన్ని కూడా తేదీతో నోట్‌బుక్‌లో రాసి, ధైర్యంగా గైడ్ ముందు పెట్టండి. రేపు ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో చేరినా మీకు ఉపయోగపడేది ఈ అలవాటే.