ఖజానా క్రింది పాత బట్టలు

పాఠ్యభాగము: యిర్మీయా 38:7-13, అపొస్తలుల కార్యములు 9:36-42



యెరూషలేములో యిర్మీయా ప్రవక్తను గోతిలో పడవేసిన సంగతి మనమందరము ఎరిగినదే. ఆ గోతిలో నీళ్లు లేవు, బురద మాత్రమే యుండెను. ప్రవక్త అందులో దిగబడిపోయెను. రాజు నగరులో కొలువుచేయు ఎబెద్మెలెకు అను కూషీయుడు రాజును వేడుకొని, ముప్పదిమందిని వెంటబెట్టుకొని ఆయనను పైకి తీయుటకు బయలుదేరెను. అయితే అతడు నేరుగా గోతియొద్దకు పోలేదు. మొదట ఖజానా క్రింది గదిలోనికి పోయి, అక్కడ పడియున్న పాత గుడ్డలను, చినిగిన బట్టలను ఏరుకొనెను. వాటిని త్రాళ్లతో దింపి, చంకల క్రింద పెట్టుకొమ్మని ప్రవక్తతో చెప్పెను. ఆ తరువాతనే లాగిరి.

మనుష్యుని పైకి లాగుటకు త్రాళ్లు చాలును. కాని ఆకలితో చిక్కిపోయిన దేహమునకు త్రాడు ఒరసికొనిన ఎంత బాధయో ఎబెద్మెలెకు ముందుగానే తలంచెను. పైన ఖజానా యున్నది, దాని క్రింద ఎవరికిని అక్కరలేని గుడ్డలు ఉన్నవి. ఆ దినమున దేవుని ప్రవక్తకు ఆదరణయైనవి ఆ గుడ్డలే. అతడు వాటిని పైనుండి విసరివేయలేదు, త్రాటితో మెల్లగా దింపెను. ఈ నెల మనము నేర్చుకొనవలసిన పాఠము ఇదే: మనకు అక్కరలేని వస్తువు ఇచ్చు చేతినిబట్టి కానుకయగును, లేదా చెత్తయగును.

మన యింటిలోని క్రింది గది

మన బోనకల్ చుట్టుపట్ల గ్రామములలో ఏ యింట చూచినను అటకమీదనో మంచము క్రిందనో ఇట్టి గది యొకటి యుండును. పిల్లలకు పొట్టియైన చొక్కాలు, గౌనులు, ఊగువారు లేని ఉయ్యాల, పెండ్లిలో వచ్చి విప్పకుండ ఉన్న స్టీలు గిన్నెలు, చదువు ముగిసిన ఇంటర్మీడియట్ పుస్తకములు, కప్పుకొనని రగ్గులు. మన పెద్దలు వస్తువును ఊరక పడనిచ్చెడివారు కారు. పాత చీరలను పొరలు పొరలుగా పరచి బొంతలు కుట్టిరి. మెత్తబడిన పాత పంచెను శుభ్రముగా ఉతికి పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డలు చేసిరి. ఒక యింటి ఉయ్యాల వాడకట్టులోని బిడ్డలందరిని ఊపెడిది.

ఇప్పుడు వీధిలోనికి గిన్నెల అమ్మకపు వారు వచ్చినప్పుడు పాత బట్టల మూట ఇచ్చి గిన్నె తీసికొనుచున్నాము. అందులో తప్పు లేదు. అది వారి జీవనము. అయితే మూట వారి ముందు విప్పకమునుపు, మన పొరుగున రగ్గు లేనివారు ఎవరైన ఉన్నారా అని ఒక్కసారి తలంచుచున్నామా? మన ఖమ్మం జిల్లాలో మిరప కోతల కాలమున ఛత్తీస్‌గఢ్ మొదలగు దూర ప్రాంతములనుండి కూలీలు పిల్లాపాపలతో వచ్చి చేల యొద్దనే గుడారములు వేసికొందురు. వారు తెచ్చుకొనినది నెత్తిమీద మోయగల మూట మాత్రమే. పేదవాని దుప్పటిని తాకట్టు పెట్టుకొనినవాడు ప్రొద్దు గ్రుంకువేళకు దానిని తిరిగి యియ్యవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (ద్వితీయోపదేశకాండము 24:12, 13). ఒక పేదవాడు రాత్రి కప్పుకొను దుప్పటినిగూర్చి దేవుడు చట్టము చేసెను. మనము దానిని చిన్న సంగతి అనవచ్చునా?

విసరివేయుట వేరు, దింపుట వేరు

ఇక్కడ మా తప్పు మేమును ఒప్పుకొనవలెను. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం పట్టణములో ఏటి ఒడ్డు కాలనీలను ముంచివేసినప్పుడు, బట్టలు, బియ్యము, పిల్లల పుస్తకములు సమస్తము బురదపాలైన కుటుంబములు అనేకములు. అప్పుడు మేమును త్వరత్వరగా ఒక మూట కట్టితిమి. ఆ రాత్రి పండుకొనిన తరువాత జ్ఞాపకమునకు వచ్చెను: అందులో గుండీలు లేని చొక్కాలు పెట్టితిమి, జాకెట్టు లేకుండ చీర పెట్టితిమి. మేము కట్టుకొనని దానిని, సమస్తము పోగొట్టుకొనిన తల్లికి పంపితిమి. ఆమె బీదతనము ఆ నీళ్లతో వచ్చినదే గాని, ఆమె అభిమానము నీళ్లలో కొట్టుకొని పోలేదు.

ఇది మా ఒక్కరి తప్పు కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత తమిళనాడు తీరమునకు దేశము నలుమూలలనుండి పాత బట్టలు వెళ్లెను. వాటిలో చాలభాగము తీసికొనువారు లేక రోడ్ల ప్రక్కన కుప్పలుగా పడియుండెను. పంపినవారికి దయ లేక కాదు. తీసికొనువారు ఏమి కట్టుకొందురో, వారికేమి కావలెనో ఎవరును అడుగలేదు.

దీనికి వేరు మార్గమును చూపినవారును ఉన్నారు. 1999లో ఢిల్లీలో ఆరంభమైన గూంజ్ అను సంస్థ పట్టణములలోని పాత బట్టలను సేకరించి, వేరుపరచి, బాగుచేసి గ్రామములకు పంపుచున్నది. గ్రామస్థులు తమ ఊరికి కావలసిన బావియో బాటయో తామే నిర్ణయించుకొని పనిచేయుదురు. ఆ కష్టమునకు బహుమానముగా బట్టలు పొందుదురు. భిక్షము పుచ్చుకొనుచున్నామను సిగ్గు అందులో లేదు. దానిని స్థాపించిన అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే బహుమానము లభించెను. త్రాడు క్రింద మెత్తని గుడ్డ పెట్టుట అనగా ఇదియే కాదా?

దొర్కా చేతిపని

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. ఆమె ఎంత ధనము ఇచ్చెనో లేఖనము చెప్పలేదు. ఆమె సూది పనిని చెప్పెను. ఎవరి భుజము ఎంత వెడల్పో ఆమె ఎరుగును. మనమును ఇచ్చుటకు ముందు ఉతికి, గుండీ కుట్టి, అంచు మడిచి ఇచ్చినయెడల ఆ వస్త్రములో మన ప్రేమయు చేరును. గ్రుడ్డిదానిని కుంటిదానిని బలిగా తెచ్చినవారిని, దానిని మీ అధికారికి ఇచ్చి చూడుడని మలాకీ ప్రవక్త గద్దించెను (మలాకీ 1:8). పొరుగువానికి ఇచ్చునప్పుడును అదే కొలత.

తీసికొనువాడు ఎల్లప్పుడు తీసికొనువాడుగానే ఉండడని కూడ మరువరాదు. 1912లో డోర్నకల్‌కు అధ్యక్షులై, 1945 వరకు సేవచేసిన అజరయ్య గారి కాలమున, కడు బీదలైన స్త్రీలును వంటకు బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు ప్రభువు కొరకు తీసిపెట్టిరి. ఆ పిడికెళ్లే సంఘములను పోషించెను. ఇచ్చుటకు ఏమియు లేని యిల్లు లేదని వారు మనకు నేర్పిరి.

సంఘములో చేయదగిన పని

1. నెలకొక ఆదివారము ఆరాధన తరువాత మందిరములో ఒక పెట్టె ఉంచుడి. ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీ, దానిని చూచుకొనవలెను.

2. ఉతికినది, బాగుచేసినది మాత్రమే తెండు. మన చెల్లెలికి ఇయ్యలేని దానిని పెట్టెలో వేయవద్దు. మరీ చినిగిన దానిని బొంతకు వేరుగా ఉంచుడి.

3. మొదట అవసరము అడిగి తెలిసికొనుడి, పిమ్మట వస్తువు ఇయ్యుడి.

4. తీసికొనినవారి పేరు మందిరములో చదువవద్దు, ఫోటో తీయవద్దు. చీకటిపడిన తరువాత ఇంటికి చేర్చుట మేలు.

5. మన సంఘస్థులకే అని గిరి గీయవద్దు. ఎబెద్మెలెకు పరదేశి, దేవుడు అతని మేలును మరువక అతని ప్రాణమును కాపాడెను (యిర్మీయా 39:15-18).

6. ఉయ్యాల, పుస్తకములు వంటివి పని తీరిన తరువాత మరియొక యింటికి పోవలెను. అప్పుడు తీసికొనిన యిల్లే ఇచ్చు యిల్లగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో సంవత్సరముగా వాడని వస్తువులు ఏవి? అవి ఎవరికి అక్కర?

2. మనము ఎప్పుడైన ఒకరి పాత వస్తువు తీసికొని సిగ్గుపడితిమా? ఇచ్చినవారు ఏమి చేసియుండిన ఆ సిగ్గు ఉండకపోవును?

3. యాకోబు 2:15, 16 చదువుడి. మంచి మాట మాత్రమే చెప్పి పంపిన పొరుగువారు ఎవరైన జ్ఞాపకమునకు వచ్చుచున్నారా?

ప్రార్థన

ప్రభువా, మా అటకలమీద మేము మరచినవాటిని నీవు ఎరుగుదువు. వాటి కొరకు చలిలో కనిపెట్టుకొనియున్నవారిని నీవు ఎరుగుదువు. విసరు చేతులు కాక దింపు చేతులు మాకు దయచేయుము. ఆమేన్.