లీటరు పెట్రోలు - ఆత్మశోధన



పాపసంకీర్తనానికి వచ్చినవారు "ఏవో చిన్న చిన్న పొరపాట్లు ఫాదర్" అని ఊరుకుంటే మేము ఊరుకోము. ఏ తప్పు, ఎన్నిసార్లు అని అడుగుతాము. చావైన పాపాలను రకమూ, సంఖ్యా చెప్పి ఒప్పుకోవాలని ట్రెంట్ మహాసభ 1551లోనే బోధించింది. కాని భూమి వేడెక్కుతున్నదని వాపోయేటప్పుడు మాత్రం మనకు లెక్క ఉండదు. "ఏం ఎండలండీ!" అని నిట్టూర్చి, బండి స్టార్టు చేసి ఆఫీసుకు వెళ్ళిపోతాము.

దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపు గారు 2015 మే 24న సంతకం చేసిన 'లౌదాతో సీ' విశ్వలేఖ 211వ పేరాలో, సృష్టిని కాపాడే దైనందిన కార్యాలలో ప్రజారవాణాను వాడటం, ఒకే కారులో కొందరు కలసి వెళ్ళటం కూడ చేర్చారు. విశ్వలేఖలో బస్సు సంగతి ఎందుకని ఒక పెద్దాయన నన్నడిగారు. లెక్క చూస్తే తెలుస్తుంది.

లీటరు పెట్రోలు తూగేది సుమారు ముప్పాతిక కిలో. అది మండితే వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు 2.3 కిలోలు! ఎలాగంటారా? 12 పాళ్ళ కర్బనం మండేటప్పుడు గాలిలోని 32 పాళ్ళ ఆక్సిజన్‌ను కలుపుకొని 44 పాళ్ళవుతుంది. డీజిలు అయితే లీటరుకు సుమారు 2.7 కిలోలు.

మీ ఆఫీసో కాలేజీయో 10 కి.మీ. దూరంలో ఉందనుకోండి. రానుపోను 20. నెలకు 25 రోజులు, 500 కి.మీ. లీటరుకు 50 కి.మీ. ఇచ్చే స్కూటరుకు 10 లీటర్లు, అంటే 23 కిలోలు. వెనుక మరొకరిని ఎక్కించుకుంటే తలకు పదకొండున్నర. లీటరుకు 15 ఇచ్చే కారులో ఒక్కరే పోతే 77 కిలోలు. అదే కారులో నలుగురు వెళితే తలకు 19. ఒంటరి స్కూటరు కంటె తక్కువే! లీటరుకు 5 కి.మీ. నడిచే డీజిలు బస్సులో 40 మంది ఉంటే తలకు 7 కిలోల లోపే.

అయితే, బస్సు రాని ఊరిలో పనిచేసే టీచరమ్మను ఈ లెక్కతో నిందించవద్దు. అసాధ్యమైనదానికి ఎవరూ బద్ధులు కారు. నేనడిగేది బస్సు ఉండి కూడ ఎక్కనివారిని. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఇక మగవారి సాకులే వినాలి. బ్యాటరీ బండి కొన్నాం కదా అనేవారు కూడ, మన దేశపు కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుండే వస్తున్నదని గుర్తుంచుకోవాలి. పొగ తగ్గుతుంది, సున్న కాదు.

ఒక నెలపాటు డైరీలో మూడు గడులు గీయండి: ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, బండిమీద ఎందరు. నెలాఖరున పెట్రోలు లీటర్లను 2.3తో హెచ్చవేయండి.

మీకు చెప్పే ముందు నేనూ రాశాను. ఉపవిచారణలకు తిరిగే నా మోటారుసైకిలు ఆ నెల 14 లీటర్లు తాగింది, 32 కిలోలు. పూజలకు, రోగుల సందర్శనకు వెళ్ళినవి తగ్గించలేను. కాని అందులో ఆరు ప్రయాణాలు ఫోనులో తేలిపోయే పనులకే.