డొమైన్, హోస్టింగ్, డీఎన్‌ఎస్: మీ సైట్ తాళం ఎవరి దగ్గర ఉంది?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టే ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది, "ఏ హోస్టింగ్ తీసుకోమంటావ్?" అని. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: "డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉంది?" హోస్టింగ్ పోతే ఇంకోటి తీసుకోవచ్చు. డొమైన్ పోతే సైట్ పేరే పోయినట్టు. చాలామంది ఈ మూడూ ఒకటే అనుకుంటారు కాబట్టి, ముందు విడదీసి చూద్దాం.

డొమైన్: ఇది మీ సైట్ పేరు. దీన్ని శాశ్వతంగా కొనలేం, రిజిస్ట్రార్ దగ్గర ఏళ్ల లెక్కన తీసుకుంటాం. డాట్ కామ్ అయితే ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లు.

హోస్టింగ్: మీ ఫైల్స్, డేటాబేస్ ఉండే సర్వర్‌లో అద్దె చోటు. ఆ సర్వర్‌కి ఐపీ అడ్రస్ అనే నంబర్ ఉంటుంది. పాత పద్ధతి ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు సుమారు 430 కోట్లే. అందుకే షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద చాలా సైట్లు నడుస్తాయి. బ్రౌజర్ తన రిక్వెస్ట్‌లో సైట్ పేరు కూడా పంపుతుంది, దాన్ని చూసి సర్వర్ సరైన సైట్‌ని ఇస్తుంది.

డీఎన్‌ఎస్: మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ లాంటిది. పేరు చెబితే నంబర్ ఇస్తుంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించారు. ఇందులో 'ఏ' రికార్డ్ మీ పేరుని సర్వర్ ఐపీకి కలుపుతుంది. మెయిల్స్ ఎక్కడికి వెళ్లాలో ఎంఎక్స్ రికార్డ్ చెబుతుంది.

హోస్టింగ్ మార్చాలా? ముందు రోజే 'ఏ' రికార్డ్ టీటీఎల్‌ని 300 సెకన్లకు తగ్గించండి. అంటే పాత ఐపీని నెట్‌వర్క్‌లు ఎక్కువసేపు గుర్తుపెట్టుకోవు. కొత్త సర్వర్‌లో సైట్ టెస్ట్ చేశాక ఐపీ మార్చండి. పాత హోస్టింగ్‌ని రెండు మూడు రోజులు ఆపకండి.

ఇప్పుడు అసలు విషయం. నాకు తెలిసిన ఒక పచ్చళ్ల వ్యాపారం వాళ్లకి సైట్ చేసిన కుర్రాడు డొమైన్‌ని తన మెయిల్ ఐడీతోనే తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. రెన్యువల్ మెయిల్స్ అతని పాత ఇన్‌బాక్స్‌కి వెళ్లాయి, ఎవరూ చూడలేదు. ఒకరోజు సైట్ ఆగిపోయింది, ఆర్డర్లు వచ్చే మెయిల్ కూడా ఆగిపోయింది. ఫైల్స్ అన్నీ సర్వర్‌లో భద్రంగానే ఉన్నాయి, కానీ అక్కడికి దారే లేదు!

డాట్ కామ్ పేరు ఎక్స్‌పైర్ అయ్యి డిలీట్ అయితే, అదనపు ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత 5 రోజులకి ఎవరైనా తీసుకోవచ్చు. వీళ్లు గడువులోపే మేలుకున్నారు కాబట్టి పేరు దక్కింది.

అందుకే సైట్ ఎవరు చేసినా, డొమైన్ మాత్రం మీ మెయిల్‌తో, మీ అకౌంట్‌లోనే ఉండాలి. ఆటో రెన్యువల్, టూ స్టెప్ వెరిఫికేషన్, ట్రాన్స్‌ఫర్ లాక్ మూడూ ఆన్ చేయండి. ఆ మెయిల్ ఐడీ అదే డొమైన్‌ది కాకుండా చూసుకోండి, డొమైన్ ఆగితే అదీ ఆగిపోతుంది. ఈరోజే రిజిస్ట్రార్ దగ్గర లాగిన్ అయి ఎక్స్‌పైరీ డేట్ చూడండి. లాగిన్ మీ దగ్గర లేకపోతే, మొదట చేయాల్సిన పని అదే.