ఆపద పిలుపు ఒక అమానత్

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినవాడితో సమానమన్న బోధన దివ్య ఖుర్ఆన్‌లోని ఐదవ సూరా 'మాయిదా'లో ఉంది. ఈ మాట వినగానే మనకు వైద్యులు, అగ్నిమాపక సిబ్బంది గుర్తుకొస్తారు. నిజానికి ఈ బాధ్యతలో మన ఇంట్లోని ఫోనుకు కూడా భాగముంది. ఆపద సమయాల కోసం కేటాయించిన నంబర్లను మనం ఎలా వాడుతున్నామన్న విషయాన్ని ధర్మం వెలుగులో పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

ప్రత్యేక నంబరు ఎందుకు వచ్చింది?

1935 నవంబరులో లండన్ నగరంలోని వింపోల్ వీధిలో ఒక ఇంటికి నిప్పంటుకుంది. పొరుగింటి వ్యక్తి వెంటనే ఫోను ఎత్తాడు. ఆ కాల్ ఎక్స్చేంజిలోని ఆపరేటరు ద్వారా వెళ్ళాలి. మామూలు కాల్స్ వరుసలో ఆయన కాల్ కూడా ఆగిపోయింది. ఆ అగ్నిప్రమాదంలో ఐదుగురు స్త్రీలు మరణించారు. ఆ వ్యక్తి తన ఆవేదనను పత్రికకు రాశాడు. ప్రభుత్వం విచారణ జరిపింది. ఫలితంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 నంబరు మొదలయ్యింది. ఇలాంటి సేవల్లో ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు.

మామూలు పిలుపుల వెనుక ఆపద పిలుపు నిలబడిపోకూడదన్నదే ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. అయితే మొదటి వారంలోనే ఆ నంబరుకు ఆకతాయి కాల్స్ వచ్చాయి. అంటే ఈ జబ్బు ఆ సేవ అంత పాతదే.

మన ప్రాంతంలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు 2005 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. మనం 108కి ఫోను చేస్తే కాల్ సెంటరులో ఒక ఉద్యోగి ఎత్తుతాడు. ఏమి జరిగింది, ఎక్కడ, దగ్గరలో గుర్తు ఏమిటి అని అడిగి, సమీపంలోని అంబులెన్సును పంపిస్తారు. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలన్నింటికీ కలిపి 112 నంబరు కూడా ఉంది.

కాల్ సెంటరులో ఉన్నది మనుషులే. వారి సంఖ్యకు పరిమితి ఉంది. గంట మోగినప్పుడు అది రోడ్డు ప్రమాదమో, పిల్లవాడి ఆటో ఎత్తితే తప్ప తెలియదు. అందువల్ల ప్రతి కాల్‌నూ ఎత్తవలసిందే. గుండె ఆగిపోయిన మనిషికి నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాల్లో మన కాలక్షేపపు కాల్ ఒకటి అడ్డు నిలిస్తే?

దుర్వినియోగం మూడు రకాలు

మొదటిది పరిహాసం. లేని ప్రమాదాన్ని ఉన్నట్టు చెప్పడం, పేరు పెట్టి ఏడిపించడం.

రెండవది నిర్లక్ష్యం. ఏడుస్తున్న పిల్లవాడిని ఊరుకోబెట్టడానికి చేతికి ఫోనిస్తాం. తాళం వేసిన ఫోనులో కూడా అత్యవసర కాల్ మీట పనిచేస్తుంది. పిల్లవాడు నొక్కుతాడు, అవతల 'హలో, హలో' అంటుంటారు, ఇవతల మనకు తెలియదు.

మూడవది స్వార్థం. దీన్ని చాలామంది తప్పుగా కూడా భావించరు. పాత జ్వరానికి, ముందే తేదీ ఇచ్చిన పరీక్షకు, ఆసుపత్రి నుంచి ఇంటికి రావడానికి 108ని ఉచిత ఆటోలా పిలవడం. 'ప్రభుత్వ బండే కదా' అంటారు. ఆ బండి ఊరు దాటిన సమయంలో వెనుక ఊళ్ళో ఎవరికి పురిటి నొప్పులు వస్తాయో ఎవరికి తెలుసు?

ధర్మం ఏమి నేర్పుతోంది?

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఓడ ఉపమానం ద్వారా సమాజానికి ఒక గొప్ప పాఠం నేర్పారు. ఒక ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు దక్కాయి. కిందివారు నీళ్ళ కోసం పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే రంధ్రం చేసుకుందామనుకున్నారు. వారిని అలా వదిలేస్తే అందరూ మునుగుతారు, చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు.

గమనించండి! కిందివారికి ఎవరినీ ముంచాలన్న నియ్యత్ లేదు. అయినా నష్టం అందరిదీ. అత్యవసర నంబరు కూడా అలాంటి ఓడే. 'నేను ఒక్క కాలే కదా చేసింది' అనుకునేవాడు తన భాగంలో రంధ్రం చేస్తున్నట్టే.

ఇక పరిహాసం సంగతి. సరదాకైనా తోటివారిని భయపెట్టడాన్ని, నవ్వించడానికైనా అబద్ధమాడటాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ధర్మశాస్త్ర పండితుల దగ్గర మరో సూత్రం ఉంది: జరూరత్ ఇచ్చే అనుమతి ఆ జరూరత్ ఉన్నంత మేరకే. ఆపద కోసం ఇచ్చిన సౌకర్యాన్ని ఆపద లేనప్పుడు వాడటం అమానత్‌లో ఖియానత్ అవుతుంది.

అన్నింటికన్నా భయపడవలసిన విషయం ఇది. తోటి మనుషుల హక్కుల విషయంలో మనం చేసిన అన్యాయానికి తౌబాతో పాటు ఆ మనిషి క్షమాపణ కూడా కావాలి. పొరుగువాడిని తిడితే వెళ్ళి క్షమాపణ అడగవచ్చు. కాని మన కాల్ వల్ల లైను దొరకని మనిషి ఎవరు? అతని పేరు, ఊరు మనకు తెలియవు. ప్రళయదినాన అతనే మనల్ని గుర్తుపట్టి నిలదీస్తే ఏమి జవాబు చెబుతాం? ఇంతకు ముందు ఇలా చేసినవారు వెంటనే మానుకొని, తౌబా చేసి, నష్టపోయి ఉండగల వారి కోసం దుఆ చేయాలి.

ప్రపంచ చట్టం కూడా ఊరుకోదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 217వ సెక్షన్, ప్రభుత్వోద్యోగిని తప్పుదారి పట్టించడానికి తెలిసి తెలిసి అబద్ధపు సమాచారమిచ్చినవారికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటోంది.

సందేహం వస్తే?

ఇదంతా చదివి భయపడి, అవసరమైనప్పుడు కూడా ఫోను చేయకుండా ఆగిపోవడం పెద్ద పొరపాటు. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, స్పృహ తప్పడం, తీవ్ర రక్తస్రావం, పురిటి నొప్పులు, పాముకాటు, మంటలు - వీటిలో క్షణం ఆలస్యం చేయకూడదు. ప్రాణానికి ముప్పు ఉందేమోనన్న సందేహం కలిగితే ఫోను చేయడమే సరైనది. మంచి నియ్యత్‌తో చేసిన కాల్, తరువాత అవసరం లేదని తేలినా, దుర్వినియోగం కాదు.

ఇంట్లో నేర్పవలసినవి

• పిల్లలకు 108, 112 నంబర్లు తప్పక నేర్పండి. అవి ఆటకు కావని కూడా అదే రోజు నేర్పండి.
• ఇంటి చిరునామా, దగ్గరలోని మస్జిద్ లేదా బడి పేరు చెప్పడం పిల్లలకు అలవాటు చేయండి.
• పొరపాటున కాల్ వెళ్ళిపోతే భయపడి కట్ చేయకండి. 'పొరపాటున వచ్చింది, ఇక్కడ ఆపదేమీ లేదు' అని చెప్పి పెట్టేయండి.
• కరెంటు ఫిర్యాదుకు 1912, సైబర్ మోసానికి 1930 ఉన్నాయి. దేనికి ఏ నంబరో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.
• స్నేహితులెవరైనా సరదాకు ఇలాంటి కాల్ చేస్తుంటే చేయి పట్టి ఆపండి. ఓడ ఉపమానంలో పైవారి బాధ్యత అదే.

దారిలోని ముల్లును తొలగించడాన్ని కూడా విశ్వాసంలో భాగమని నేర్పిన ధర్మం మనది. ఆపదలో ఉన్నవాడి పిలుపుకు మనమే ముల్లుగా మారకూడదు. అల్లాహ్ మనకు అమానత్‌లను కాపాడే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.