పొలం అమ్మిన డబ్బు

చెరుకుపల్లి



పసుపు కుంకుమల కింద నీకిచ్చిన పొలం అమ్మిన డబ్బు ఖాతాలో పడిందని మీ నాన్న చెప్పాడు. పడ్డ మర్నాడే బ్యాంకు నుంచి ఫోను, పాలసీ తీసుకోమని. ఇక్కడ మనవాళ్ల కుర్రాడొకడు మంచి స్కీము ఉందంటున్నాడు. ఎవర్ని నమ్మాలి పెదనాన్నా అని అడిగావు.

ముందు తొందర మానుకో తల్లీ. ఆ డబ్బును నాలుగైదు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. ఈ రోజే సంతకం పెట్టకపోతే అవకాశం పోతుందని ఎవరన్నా తొందరపెడితే వాళ్లతో మాటలు అక్కడితో ఆపెయ్యి.

ఇక, "మనవాడే కదా" అనే మాట. అగ్రిగోల్డ్ సంగతి నువ్వు వినే ఉంటావు. విజయవాడ కంపెనీ. ప్లాటు ఇస్తాం, వద్దంటే లాభంతో డబ్బు తిరిగిస్తాం అని అనేక రాష్ట్రాల్లో 32 లక్షల మంది దగ్గర సుమారు 6,380 కోట్లు కట్టించుకుంది. ఊళ్లలో ఆ డబ్బు వసూలు చేసిన ఏజెంట్లు ఎక్కడివాళ్లో కాదు, పక్కింటివాళ్లు, చుట్టాలు. వాళ్లు కావాలని మోసం చేశారని నేననను. తమ సొమ్మూ అందులోనే పెట్టి పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. కట్టినవాళ్లకు మొహం చూపించలేక నలిగిపోయారు. చివరకు మన రాష్ట్రంలో 10 వేల లోపు కట్టిన పేదలకు 2019లోనూ, 20 వేల లోపు వాళ్లకు 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాల్సి వచ్చింది. అలా డబ్బు కట్టించుకోవడానికి ఆ కంపెనీకి, ఇలాంటి స్కీములను నియంత్రించే సెబీ అనుమతి లేదు. అందరూ మనిషిని చూశారు, అనుమతి కాగితం అడిగినవాళ్లు తక్కువ. మనిషి మంచితనం వేరు, అతను తెచ్చిన స్కీము మంచితనం వేరు. ఈ రెంటినీ కలపొద్దు.

నిన్ను కలిసిన ప్రతివాణ్నీ మొదట ఒకటే అడుగు: "మీకు డబ్బు ఎవరిస్తారు?" బీమా ఏజెంటుకు బీమా కంపెనీ ఇస్తుంది. మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటరుకు ఫండు కంపెనీ ఏటా కమీషన్ ఇస్తుంది, అది నీ సొమ్ములోంచే పోతుంది. 20 లక్షల మీద ఒక్క శాతమంటే ఏడాదికి 20 వేలు, నువ్వు ఆ ఫండులో ఉన్నన్నాళ్లూ. అది దొంగతనమేం కాదు, వాళ్ల బతుకుతెరువు. కానీ అమ్మేవాడి మాటను సలహా అనుకుంటేనే చిక్కు. 2013 నుంచి అవే ఫండ్లకు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి. వాటి సంగతి అతను తనంతట తాను చెప్పాడా లేదా చూడు.

నీ దగ్గరే ఫీజు తీసుకుని నీకోసమే ఆలోచించేవాళ్లు సెబీలో నమోదైన పెట్టుబడి సలహాదారులు. దేశం మొత్తం మీద సుమారు వెయ్యి మందే ఉన్నారు, అందుకే మన చుట్టుపక్కల కనిపించరు. వాళ్ల నమోదు సంఖ్య ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది. ఆ సంఖ్య నీ చేత్తో నువ్వే సెబీ వెబ్‌సైటులో సరిచూడు, వాళ్లు పంపిన ఫొటోను నమ్మకు. ఫీజు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెట్టుబడి సొమ్ము వాళ్ల ఖాతాలోకి వెయ్యకూడదు, నీ పేరు మీదే ఉండాలి. ఎవరైనా నెలకు నూటికి రెండు రూపాయలు గ్యారంటీ అన్నారంటే ఏడాదికి 24 శాతం అన్నట్టు. నమోదైన సలహాదారు అలాంటి హామీ ఇవ్వకూడదు, కాబట్టి ఆ మాట వినగానే లేచి వచ్చెయ్యి. మన ఊళ్లో అప్పులకు అలవాటైన ఈ లెక్క వల్లే పెద్ద వడ్డీ మనకు అనుమానం పుట్టించదు. నాకు ఎక్కువ భయం అదే.

పిల్లల చదువులకెంత, ఎప్పటికి కావాలి, ఇంటి అప్పెంత, అసలు తగ్గితే తట్టుకోగలవా అని నిన్ను అడగకుండానే ఫారం తీసేవాడు సలహాదారు కాడు.

ఒకవేళ ఫోనులో మొహమాటపడి పాలసీకి ఒప్పుకుని ఉంటే కంగారు పడకు. పత్రం చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కిచ్చెయ్యొచ్చు, కొద్దిపాటి ఖర్చులు పోను మిగతాది తిరిగొస్తుంది.

ఆ కుర్రాడికి నేను నచ్చజెబుతాను, నువ్వు చెడ్డ కావద్దు. బ్యాంకువాళ్లు పంపిన కాగితాలన్నీ నాకు వాట్సాప్‌లో పెట్టు. నేను చదివి ఫోను చేసేదాకా దేనిమీదా సంతకం పెట్టకు, ఓటీపీ ఎవరికీ చెప్పకు.

మీ పెదనాన్న