పాత కంప్యూటరు మాటిమాటికి పాస్‌వర్డు అడుగుచున్నచో

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెలలో పదేండ్ల క్రిందట కొన్న కంప్యూటర్లు నేటికిని పనిచేయుచున్నవి. ఇ-పంటలో తమ వేరుశనగ పైరు ఎక్కినదో లేదో చూచుకొనుటకు, పి.ఎం. కిసాన్ సొమ్ము సంగతి తెలిసికొనుటకు రైతులు వానిని వాడుచున్నారు. అయితే ఇట్టి యంత్రములలో కొన్ని, ఒకసారి ఖాతాలోనికి పోయినను, మరల మరల పేరును పాస్‌వర్డును అడుగుచుండును. అప్పుడు విసుగుతో అదే పాస్‌వర్డును కొట్టుచు కూర్చుండరాదు. పలుమార్లు తప్పినచో కొన్ని ఖాతాలు తాత్కాలికముగా మూతపడును. గడువు దగ్గరపడిన వేళ ఇది చిన్న చిక్కు కాదు.

మొదట తెర మూలనున్న తేదీని చూడవలెను. కంప్యూటరు ఆపియున్నప్పుడు గడియారమును నడుపునది లోపలి పలకపై నుండు సి.ఆర్. 2032 అను మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ. ఏండ్లు గడచిన కొలది, ముఖ్యముగా యంత్రమును నెలల తరబడి ప్లగ్గు తీసి ఉంచినచో, ఇది నీరసించును. అప్పుడు తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోవును. ప్రతి వెబ్‌సైటు ధ్రువపత్రమునకు ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అను చెల్లుబాటు కలదు. గడియారము తప్పినచో కంప్యూటరు ఆ పత్రమును నమ్మదు. ఖాతా ప్రవేశము కుదరదు. బ్యాటరీ వెల స్వల్పము. కరెంటు పూర్తిగా తీసివేసి దానిని మార్చి, తేదీని, భారత కాలమును సరిచేయవలెను. లాప్‌టాప్ అయినచో మెకానిక్కు చేతనే మార్పించుట మేలు.

గడియారము సరిగానున్నచో కుకీలను చూడవలెను. మండీలో తూకపు చీటీ వంటిదే కుకీ. మిమ్ము ఒకసారి గుర్తించిన పిదప వెబ్‌సైటు ఈ చీటీని బ్రౌజరు చేతికిచ్చును. బ్రౌజరును మూయగానే చీటీలు చెరిగిపోవునట్లు అమర్చియున్నను, చెత్త ఊడ్చు ప్రోగ్రాము ఏదైనను వానిని తుడిచివేయుచున్నను, ప్రతిసారి మొదటినుండి అడుగక తప్పదు. ఇంటి యంత్రములో ఆ అమరికను మార్చుకొనవచ్చును. నలుగురు వాడు నెట్ సెంటరులో మాత్రము అడుగుటయే మంచిది, దానిని మార్చరాదు.

పాత మెయిలు ప్రోగ్రాముల సంగతి వేరు. కేవలము పేరు, పాస్‌వర్డులతో ప్రవేశించు పద్ధతిని గూగుల్ సంస్థ సొంత ఖాతాలకు 2022 మే 30 నుండి ఆపివేసినది. కనుక పాస్‌వర్డు సరియైనదైనను ప్రోగ్రాము మరల అడుగును. మెయిలును బ్రౌజరులో చూచుకొనుట సులభము. విండోస్ 7కు రక్షణ సవరణలు 2020 జనవరి 14తో ఆగినవి. క్రోమ్ బ్రౌజరు కూడ దానిపై 109వ కూర్పుతో నిలిచిపోయినది. అట్టి యంత్రములో బ్యాంకు పని పెట్టుకొనకుండుట మంచిదని నా అభిప్రాయము.

అన్నిటికంటె భయపడవలసినది అలవాటు. రోజుకు పదిసార్లు పాస్‌వర్డు కొట్టు చేయి, మోసగాడు పెట్టిన దొంగ పేజీలోను ఆలోచింపక కొట్టును. అనుమానము కలిగినచో ఆ కిటికీని మూసి, చిరునామాను మీరే టైపు చేయవలెను. ప్రభుత్వ వెబ్‌సైటు పేరు సాధారణముగా 'గవ్ డాట్ ఇన్' తో ముగియును. ఆ పిదప గీటుకు ముందే మరొక చుక్కయు, పేరును తగిలించియున్నచో అది వేరొకరిది. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను.

మరియొక మాట. బెంగుళూరులోనో మద్రాసులోనో ఉన్న కుమారుడు తన ఫోను నెంబరుతో తండ్రికి ఖాతా తెరచియుండును. ఓ.టి.పి. అతనికి పోవును, ఇచ్చట తండ్రి తెర ముందు వేచియుండును. మీ ఖాతాకు ఏ నెంబరున్నదో విత్తుల పని మొదలగుటకు ముందే చూచుకొని, అవసరమైనచో మార్పించుకొనవలెను.