వర్తకులకు పాఠం: అద్దెకు ఆవర్జా

గుంటూరు: మిర్చి వర్తకులందరూ కోల్డ్ స్టోరేజీలు కట్టించుకోరు. టిక్కీకి ఇంతని అద్దె చెల్లించి సరకు నిల్వ చేస్తారు. యంత్రాలు, కరెంటు, మరమ్మతులు స్టోరేజీ వారి బాధ్యత. 'క్లౌడ్' సాఫ్ట్‌వేరు పద్ధతీ ఇదే. చిట్టా, ఆవర్జాలు కంపెనీ వారి సర్వర్లలో ఉంటాయి. బ్రాడీపేట ఆఫీసులో యజమాని, యార్డులో గుమాస్తా ఒకే లెక్కను ఇంటర్నెట్ ద్వారా చూడవచ్చు. నెలకో, ఏడాదికో చందా కట్టాలి.

మార్కెట్ యార్డులకు ఈ పద్ధతి కొత్త కాదు. 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ప్రారంభమైన ఈ-నామ్ కూడా ఇంటర్నెట్ ద్వారా నడిచేదే.

లాభాలు: తొలి పెట్టుబడి తక్కువ. నిబంధనలు మారినప్పుడు సాఫ్ట్‌వేరులో మార్పులు కంపెనీయే చేస్తుంది. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవరు 5 కోట్లు దాటినవారికి ఈ-ఇన్వాయిస్ వర్తించడం ఇటువంటి మార్పే.

చిక్కు: చందా ఆగితే లెక్కలు అందకపోవచ్చు. జీఎస్‌టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. ఆ బాధ్యత వర్తకునిదే.

కనుక చేరేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. లెక్కలన్నీ దించుకోవచ్చా? చందా ముగిశాక ఎన్నాళ్లు ఉంచుతారు? గుమాస్తా మానితే పాస్‌వర్డు వెంటనే రద్దు చేయవచ్చా?

విడిపించిన టిక్కీ స్టోరేజీలో మిగలదు. లెక్క అలా కాదు, అక్కడ ఉండగానే నకలు తీయవచ్చు. నెలాఖరున ఒక నకలు సొంత కంప్యూటరులో ఉంచుకోవడం క్షేమం.